ఉమ్మనీరు పోయిందా? నొప్పుల కోసం ఆగొద్దు

నెలలు నిండాక ఉమ్మనీరు పోయినా, నొప్పులు రాలేదని కొందరు ఇంట్లోనే ఉండిపోతారు. ప్రమాదం అక్కడే. సంచి చిరిగాక గంటలు గడిచేకొద్దీ యోనిలోని బ్యాక్టీరియా పైకి పాకి ఉమ్మనీటికి, దాని చుట్టూ ఉండే పొరలకు ఇన్‌ఫెక్షన్ సోకే అవకాశం పెరుగుతుంది. వైద్యులు దీన్ని కోరియోఅమ్నియోనైటిస్ అంటారు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంతకు మించి జ్వరం, నీటిలో దుర్వాసన, పొత్తికడుపు ముట్టుకుంటే నొప్పి ప్రధాన లక్షణాలు. పారాసిటమాల్‌తో జ్వరం దిగొచ్చు, ఇన్‌ఫెక్షన్ పోదు. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇస్తూ కాన్పు చేయాల్సిందే. అలాగని సిజేరియన్ తప్పనిసరేమీ కాదు. ఆలస్యమైతే తల్లికీ బిడ్డకూ సెప్సిస్ ముప్పు.

108కు ఫోన్ చేస్తే అంబులెన్స్ ఉచితం. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు కూడా ఉచితమే. నీరు ఎన్ని గంటలకు పోయిందో, ఏ రంగులో ఉందో వెళ్లగానే డాక్టరుకు చెప్పండి.