గాజుగొట్టములు, పరమాణువు

కోపెన్‌హాగెను విశ్వవిద్యాలయమునందు 1921వ సంవత్సరము మార్చి 3వ తేదీన ప్రారంభింపఁబడిన సైద్ధాంతిక భౌతికశాస్త్ర సంస్థ, క్వాంటం విజ్ఞానమునకుఁ బుట్టినిల్లు కాకున్నను, దానిని పెంచి పెద్దచేసిన యిల్లనుట నిస్సంశయము. కావున దాని తొలి యధ్యక్షుఁడైన నీల్స్ బోరు ఎట్టి యభ్యాసమునుండి వచ్చెనో యెఱుఁగఁదగిన విషయము.

తండ్రి క్రిస్టియన్ బోరు ఆ విశ్వవిద్యాలయమందే శరీరధర్మశాస్త్రాచార్యుఁడు. ఆయన ప్రయోగశాలలోనే యువకుఁడైన నీల్స్, నీటి తలతన్యతను కొలుచుటకై గాజుగొట్టములను తానే కరఁగించి మలచుకొని, వీథిలో బండ్లు నడచునపుడు పుట్టెడి యదరు సన్నని జలధారను చెదరఁగొట్టునని, ఊరు సద్దుమణఁగిన రాత్రివేళలందే పనిచేసి, 1907లో డెన్మార్కు విజ్ఞాన పరిషత్తువారి స్వర్ణపతకమును బడసెను. సైద్ధాంతికుని పని కాగితముపై సూత్రములల్లుటయే యని తలంచువారు ఈ గాజుగొట్టములను మఱవరాదు. పిదప 1912లో మాంచెస్టరున రూథర్‌ఫర్డుకడఁ గడపిన కొలఁది మాసములు ఆయనకుఁ బరమాణు కేంద్రకమునే గాక, శిష్యులను ఆత్మీయులుగాఁ జూచుకొని పరిశోధనాలయమును నడపు తీరును గూడ నేర్పినవని నా యభిప్రాయము.

తండ్రికి నోబెలు బహుమానము లభించిన 1922లోనే జన్మించిన కుమారుఁడు ఓగె ఆ సంస్థాభవనమందే పెరుగుచు, క్రామర్సు, నిషీనా, హైసెన్‌బర్గు, పౌలీ వంటి మహామహులను ఇంటి బంధువులవలె వరుసఁబెట్టి పిలుచుచుండెడివాఁడు. 1962లో నీల్స్ గతించిన పిమ్మట ఆతఁడే సంస్థ నాయకత్వమును వహించి, 1970 వఱకు నడపెను. 1965 అక్టోబరు 7న, తండ్రి యెనుబదవ జన్మదినమున, సంస్థకు నీల్స్ బోరు పేరిడిరి. 1975లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము నందుకొన్న మువ్వురిలో ఓగె బోరు ఒకఁడు.