సీమ చదువుకి డబ్బు ఎవరిచ్చారు?

ఈసారి కొంచెం పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి. నేను బళ్ళో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరాక స్టేషన్ బోర్డులు చూసి నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

కొన్ని నెలలుగా మన గ్రూపులో ఒకే మాట. ఎవరి పిల్ల జర్మనీకి అప్లికేషన్ వేసింది, ఎవరి అబ్బాయికి అమెరికాలో సీటు వచ్చింది, ఎవరికి వీసా రాలేదు. దాని వెంటే ఒక వాదన కూడా నడుస్తోంది. సంఘం విద్యానిధిలోంచి విదేశం చదువుకి డబ్బు ఇవ్వొచ్చా, కూడదా అని. మొన్న ఒక పెద్దాయన, “తెలివున్నవాడు ఎలాగైనా పోతాడు. యల్లాప్రగడ సుబ్బారావు గారికి ఏ సంఘం ఇచ్చింది?” అని అడిగారు. మంచి ప్రశ్న. దానికి జవాబు ఉంది. ఇచ్చారు. ఎవరిచ్చారో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు పోయింది. మూడోసారి మదరాసు తిరువల్లిక్కేణి హిందూ హైస్కూల్లో చదివి పాసయ్యారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆ తర్వాత మదరాసు మెడికల్ కాలేజీ. అవి గాంధీ గారి సహాయ నిరాకరణ రోజులు. ఈయన ఆపరేషన్ గదిలోకి ఖద్దరు కోటు వేసుకుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరికి చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే తక్కువైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే రాలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు.

ఈయన అన్నదమ్ముల్లో ఇద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. అది పేగులకి పట్టి మనిషిని పీల్చేసే జబ్బు. అదే జబ్బు ఈయనకీ వచ్చి, లక్ష్మీపతి గారి ఆయుర్వేద మందుతో బతికారు. ఉష్ణదేశాల జబ్బుల చదువు చదవాలని ఈయన పట్టుబట్టడంలో ఆశ్చర్యమేముంది? ఆ చదువు హార్వర్డులో ఉంది. సీటు దొరికింది. స్కాలర్‌షిప్ దొరకలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, అదే మదరాసు నుంచి తొమ్మిదేళ్ళ ముందు వెళ్ళిన ఇంకొకాయన సంగతి చూద్దాం. తమిళ బళ్ళో చదివిన మనందరికీ ఆయన తెలుసు, రామానుజన్. ఆయన మదరాసు పోర్ట్ ట్రస్టులో నెలకి 30 రూపాయల గుమాస్తా. నేనూ గుమాస్తానే కాబట్టి ఆ లెక్క నాకు బాగా పడుతుంది. ఎఫ్.ఏ. కూడా పాస్ కాలేదు. ఇవాళ్టి ఆన్‌లైన్ ఫారంలో ‘డిగ్రీ’ అన్న గడి ఖాళీగా వదిలితే రెండో పేజీకే పోనివ్వదు. ఆయన్ని ముందుకు పోనిచ్చింది మనుషులు. ఆఫీసులో పైన ఉన్న నారాయణ అయ్యర్ గారు, పోర్ట్ ట్రస్ట్ ఛైర్మన్ స్ప్రింగ్ దొర, కేంబ్రిడ్జి నుంచి హార్డీ, మదరాసుకి వచ్చి పట్టుబట్టిన నెవిల్. వీళ్ళందరూ మాట సాయం చేస్తే మదరాసు యూనివర్సిటీ ఏడాదికి 250 పౌండ్లు ఇచ్చింది. ఓడ ఖర్చు, బట్టల ఖర్చు వేరే. అప్పట్లో పౌండు 15 రూపాయలు. అంటే ఏడాదికి 360 రూపాయల మనిషికి 3,750 రూపాయలు. అందులో 50 పౌండ్లు ఇక్కడ ఇంట్లోవాళ్ళ కోసం పక్కన పెట్టారు. 1914 మార్చి 17న ఓడెక్కారు.

సుబ్బారావు గారికి అలాంటి దొరలు లేరు. ఉన్న ఒక్క దొరా మార్కుల దగ్గరే ఆపేశాడు. మరి డబ్బు ఎక్కడిది? రెండు చోట్ల నుంచి. ఒకటి మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కూడదీసింది. రెండోది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తానన్న సాయం.

నాయకర్ అని చూడగానే మదురై, తిరునెల్వేలి వైపు సభ్యులు మనవాళ్ళే అనుకుంటారు. కాదు, ఆయనది కోరంగి. యానాం సభ్యులకి కోరంగి ఎక్కడో నేను చెప్పనక్కరలేదు, వాళ్ళ పక్క ఊరే. ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 తుఫానులో దెబ్బ తిన్నది, మళ్ళీ పాత వైభవం రాలేదు. ఆ తీరం వాళ్ళు కూలికీ నావికానికీ రంగూన్ వెళ్ళారు. ఎంతమంది వెళ్ళారంటే బర్మాలో మనవైపు నుంచి వచ్చిన కూలివాళ్ళని ‘కొరంగీ’ అనే పిలిచేవాళ్ళు, అది గౌరవంగా పిలిచే పిలుపు కూడా కాదు. అలా పిలిపించుకున్న జనంలోంచి వెళ్ళిన సత్యలింగ నాయకర్ రంగూన్ రేవులో ఓడల సరుకు ఎత్తి దించే వ్యాపారంలో బాగా సంపాదించారు. ఆ ఆస్తిని వీలునామా రాసి ధర్మానికి పెట్టారు. ఆయన పేరు మీద కాకినాడలో ఇవాళ్టికీ బళ్ళూ కాలేజీ నడుస్తున్నాయి.

ఆయన సముద్రం మీద బతికే కుటుంబం మనిషి. సుబ్బారావు గారు నియోగి బ్రాహ్మణులు. ఒకరిది కోరంగి, ఇంకొకరిది భీమవరం. ఈ వాక్యం మన కమిటీలో కొంతమంది రెండుసార్లు చదవాలని నా కోరిక.

1923లో సుబ్బారావు గారు బోస్టన్ చేరారు. సీటు వస్తే కష్టాలు తీరిపోయినట్టే అనుకునే పిల్లలకి ఈ భాగం చెప్పాలి. మదరాసు ఎల్.ఎం.ఎస్. అక్కడ డాక్టరు డిగ్రీగా చెల్లలేదు, కాబట్టి ఆసుపత్రిలో ఇంటర్న్‌గా చేరి సంపాదించుకునే దారి మూసుకుపోయింది. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. పగలు క్లాసులు. ఒక్క ఖద్దరు కోటు వల్ల పోయిన నాలుగు ఇంగ్లీషు అక్షరాలు సముద్రం దాటాక కూడా ఆయన వెంటపడ్డాయి చూడండి.

చట్టం కూడా అనుకూలంగా లేదు. 1917 చట్టం ప్రకారం మన దేశం నుంచి కూలికి వెళ్ళేవాళ్ళకి అమెరికా తలుపు మూసేసింది. విద్యార్థులకి మాత్రం సందు వదిలింది. ఈయన వెళ్ళిన ఆ 1923లోనే భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీం కోర్టు భారతీయులకి పౌరసత్వం ఇవ్వడం కుదరదని తేల్చింది. 1946లో ఆ చట్టం మారింది. 1948లో సుబ్బారావు గారు చనిపోయేనాటికి ఇంకా అక్కడి పౌరుడు కారు.

ఆయన చేసిన పని మీ అందరికీ తెలుసు కాబట్టి త్వరగా చెప్పి వదిలేస్తాను. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి, ఫిస్క్ అనే ప్రొఫెసరుతో కలిసి, 1925. కండరాలకి శక్తి ఎక్కడి నుంచి వస్తుందో చూపించిన పరిశోధన. 1930లో పీహెచ్‌డీ. 1940 నుంచి లెడర్లీ కంపెనీలో. ఆయన చూస్తుండగా అక్కడ ఫోలిక్ యాసిడ్ తయారైంది. కడుపుతో ఉన్న ఆడపిల్లలకి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది అదే. స్ప్రూ జబ్బుకి ఇచ్చే మందు కూడా అదే.

ఇప్పుడు మన వాదనకి వస్తాను. డబ్బు ఇవ్వకూడదనేవాళ్ళు చెప్పే పెద్ద కారణం, “పోయినవాడు తిరిగి రాడు” అని. నిజమే. సుబ్బారావు గారూ తిరిగి రాలేదు. ఆయన భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు, భర్తని మళ్ళీ చూడలేదు. ఈ చదువుకి అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టింది ఆవిడే అని నా అభిప్రాయం. మామగారి డబ్బుతో వెళ్ళడంలో ఉన్న చిక్కు అదే. ఆ అప్పు ఒక ఆడపిల్ల జీవితం మీద పడుతుంది. మన ఇళ్ళలో ఇప్పటికీ పెళ్ళి మాటల్లో ‘అబ్బాయి ఎం.ఎస్.కి పోతాడు, మీరు కొంచెం చూసుకోవాలి’ అంటూనే ఉన్నారు. ధర్మసంస్థ డబ్బు అలా ఎవరి మెడకీ చుట్టుకోదు. సంఘం నిధి కావాలని నేను అడగడానికి ముఖ్య కారణం ఇది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. జర్మనీకి అడిగే డబ్బంతా ఫీజు కాదు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా చోట్ల ఫీజు లేదు. ఏడాదికి 11,904 యూరోలు ఒక బ్లాక్డ్ అకౌంట్లో వేసి చూపించాలి. పిల్ల అక్కడికి చేరాక నెలకి 992 చొప్పున అదే ఆమె చేతికి వస్తుంది. తిండికీ అద్దెకీ అయ్యే ఖర్చే అది. దాన్ని ముందే ఒకేసారి చూపించలేక సీటు వచ్చిన పిల్లలు ఆగిపోతున్నారు. మన దగ్గర అలా ఆగిన అప్లికేషన్ ఒకటి ఉంది, కమిటీకి తెలుసు. అంతా ఇవ్వమని నేను అనడం లేదు. బ్యాంకు లోను పోగా తగ్గే మొత్తం, ఇద్దరు సభ్యుల జామీను మీద, వడ్డీ లేకుండా, ఉద్యోగం వచ్చాక తిరిగి కట్టేలా. కల్యాణ మండపం పైకప్పు ఇంకో ఏడాది ఆగుతుంది. నేను చూసొచ్చాను, కారడం లేదు.

డబ్బు తర్వాత కాగితాలు. మూడు పదుల ఏళ్ళు ఫైళ్ళతోనే బతికిన మనిషిని, ఇది నాకు వచ్చిన పని. మార్కుల పట్టీలో పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉన్న పిల్లలు మన సంఘంలో ఎక్కువ. తమిళనాడులో ఇంటిపేరు రాయం, ఇనీషియల్ పెడతాం. అక్కడివాళ్ళకి ఆ ఇనీషియల్ అర్థం కాదు. సీటుకి వేసే ముందే ఇది సరిచేయించుకోవాలి, సీటు వచ్చాక టైం చాలదు. జర్మనీకైతే ఏ.పీ.ఎస్. సర్టిఫికెట్ ముందే తెచ్చుకోవాలి. ట్రాన్స్‌క్రిప్టులకి యూనివర్సిటీ ఆఫీసు చుట్టూ తిరగాలి, దానికి కొన్ని వారాలు పట్టవచ్చు.

మంగళవారం, శుక్రవారం సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా సంఘం ఆఫీసులో కూర్చుంటాను. పిల్లలు ఒరిజినళ్ళు, రెండేసి జెరాక్సులు తెచ్చుకుంటే చాలు. నిధి సంగతి సర్వసభ్య సమావేశంలో నేనే లేవనెత్తుతాను, బలపరచడానికి ఒక్కరు కావాలి.