పండుగప్ప వేట: గాలం, దారం, ఎర

కృష్ణా డెల్టాలో పండుగప్ప వేట ఆ చేప స్వభావాన్ని అనుసరించి సాగింది. ఇది కడలి అంచున గుడ్లు పెడుతుంది. పిల్లలు ఉప్పుటేరుల వెంట మంచినీటికి ఎక్కుతాయి. చాలావరకు మొదట మగవిగా పెరిగి, తరవాత ఆడవిగా మారతాయి. సముద్రానికీ నదికీ నడుమనున్న ఉప్పుటేరుల వంటి నీటిదారులే ఈ చేపకు ఇల్లు. 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట ఎగువకు ఎక్కే చేపలకు పెద్ద అడ్డయింది.

పండుగప్ప వేటాడి తినే చేప. అందుకే ఎర బతికి కదలాలి: రొయ్య గానీ చిన్న చేప గానీ. పోటు, పాటు మారే వేళ, మొద్దులూ గుంజలూ ఉన్నచోట అది పొంచి ఉంటుంది. గాలం గట్టిది కావాలి. అన్నిటికన్నా దారం ఎంపికే కీలకం, ఎందుకంటే మొప్ప కప్పు అంచు కత్తిలా పదునుగా ఉండి దారాన్ని తెంపేస్తుంది. నూలు దారం తడికి కుళ్లేది. 20వ శతాబ్దం రెండో సగంలో నైలాన్ వచ్చాక ఆ బెడద తగ్గింది.

కృత్రిమ ఎరల కథ వేరు. ఫిన్లాండ్‌లో లౌరీ రపాలా 1936లో గాయపడిన చేపలా ఈదే ఎరను చెక్కాడు. ఆస్ట్రేలియాలో బారముండి పేరుతో ఇదే చేపను వినోదానికి పట్టేవారు అలాంటి ఎరలనే వాడతారు. కృష్ణా డెల్టాలోని దివిసీమలో మాత్రం ఇది కూటికోసం సాగిన వేట. అక్కడి నాగాయలంక వైపు ఇప్పుడు ఈ చేపను చెరువుల్లోనూ పెంచుతున్నారు.