పారుడు రోగం టీకా (పీపీఆర్)

గొర్రెలకు, మేకలకు సోకే పారుడు రోగాన్ని నివారించే టీకా. భారతదేశంలో ఈ రోగాన్ని కలిగించే వైరస్‌ను 1987లో తమిళనాడులో తొలిసారి గుర్తించారు. టీకాకు ఇక్కడ ఎక్కువగా వాడే వైరస్ రకం సుంగ్రి/96. తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి మండలాల్లో గొల్లకురుమల మందలకు పశువైద్య సిబ్బంది వేసేది ఇదే.

టీకాలోని సజీవ వైరస్‌ను గడ్డకట్టించి, శూన్యంలో మంచును నేరుగా ఆవిరి చేసి ఆరబెడతారు. సీసా అడుగున మిగిలేది చిన్న తెల్లని బిళ్ల. సాధారణంగా 100 మోతాదుల సీసాకు 100 మి.లీ. చల్లని సెలైన్ కావాలి. చిన్న సీసాలో అంత పట్టదు కదా! ముందుగా సిరంజితో కొన్ని మిల్లీలీటర్లు ఎక్కించి, నురగ రాకుండా మెల్లగా తిప్పుతారు. కరిగాక మొత్తం తీసి సెలైన్ సీసాలో కలుపుతారు. అప్పుడు 1 మి.లీ. ఒక జీవానికి, చర్మం కింద. సెలైన్ ఎక్కువైతే మోతాదు పలచబడుతుంది. మందకు సూది పడ్డా రక్షణ దక్కదు.

సిరంజిని స్పిరిట్‌తో కడగకూడదు, వైరస్ చస్తుంది. కలిపిన మందును మంచుపెట్టెలోనే ఉంచి, గంట రెండు గంటల్లో వాడేయాలి. మిగిలిందని సాయంత్రం మందకు దాచడం పొదుపు కాదు, పారబోయాల్సిందే.