ఫిలడెల్ఫియా ఏఎల్ఎల్: జంట మందుల చికిత్స

ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఉన్న అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా (ఏఎల్ఎల్) పెద్దవారిలో త్వరగా ముదిరే రక్తక్యాన్సర్. పెద్దల ఏఎల్ఎల్‌లో దీని వాటా సుమారు నాలుగో వంతు. వయసు పైబడినకొద్దీ ఎక్కువ. 9, 22 క్రోమోజోముల ముక్కలు అటూఇటూ మారినప్పుడు పుట్టే బీసీఆర్-ఏబీఎల్ ప్రోటీన్ దీనికి మూలం.

కీమోథెరపీ, తర్వాత వీలైతే మూలుగ మార్పిడి: చాలాకాలం ఇదే దారి. వృద్ధులు దాన్ని తట్టుకోవడం కష్టం. ఇటలీలో జరిగిన 'డి-ఆల్బా' అధ్యయనం 63 మందికి మొదట స్టెరాయిడ్లతో పాటు దసాటినిబ్ మాత్రలు, తర్వాత బ్లినాటుమోమాబ్ ఇచ్చింది. మాత్ర కణం లోపలి ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. రెండోది ఒక కొసతో క్యాన్సర్ కణంపై ఉన్న సీడీ19 అనే ప్రోటీన్‌ను, రెండో కొసతో రోగి సొంత టీ-కణాన్ని పట్టి ఎదురెదురు చేస్తుంది. 2020 ఫలితాల్లో 98 శాతం మందికి వ్యాధి అణిగింది. 18 నెలలకు 95 శాతం బతికి ఉన్నారని అంచనా. నాలుగేళ్లు దాటాక ఈ అంకె 80 శాతం దగ్గర నిలిచింది. పోలికకు మరో బృందం లేని అధ్యయనమని గుర్తుంచుకోవాలి. మార్పిడి ఇక అక్కర్లేదన్న వాదన ఇంకా తెగలేదు. ఐకేజడ్ఎఫ్1తో పాటు మరికొన్ని జన్యులోపాలున్న వారిలో వ్యాధి తిరగబెట్టడం ఎక్కువ. బీసీఆర్-ఏబీఎల్‌లో టీ315ఐ అనే మార్పు వస్తే దసాటినిబ్ పనిచేయదు, పొనాటినిబ్ అనే మరో మాత్ర కావాలి. మెదడు పొరల్లో వ్యాధి దాగకుండా వెన్నులోకి ఇచ్చే మందులు ఈ పద్ధతిలోనూ తప్పవు. వాటిలో ముఖ్యమైన మెథోట్రెక్సేట్ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల సంస్థ లెడర్లీలో నడిపిన పరిశోధనల ఫలం.

దసాటినిబ్ లాంటి మాత్రల వరసలో మొదటిది ఇమాటినిబ్. దాన్ని తెచ్చిన నోవార్టిస్‌కు పేటెంటు నిరాకరించిన 2013 ఏప్రిల్ 1 నాటి సుప్రీంకోర్టు తీర్పుతోనే అది చౌకైందని తరచు రాస్తారు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే నాట్కో 'వీనట్' పేరుతో దాని జెనరిక్‌ను 2003లోనే తెచ్చింది కనుక, తీర్పు అప్పటికే ఉన్న చౌకదనాన్ని నిలబెట్టిందనడమే సబబు. అప్పటి పత్రికల లెక్కల్లో నోవార్టిస్ మందు నెలకు లక్షకు పైన, జెనరిక్ పది వేల లోపు. నాట్కో స్థాపకులు నన్నపనేని వెంకయ్య చౌదరి గుంటూరు జిల్లా వారు.

దసాటినిబ్‌కూ దేశీయ జెనరిక్‌లున్నాయి. జంటలో రెండో మందు సంగతి వేరు. బ్లినాటుమోమాబ్ జీవకణాల్లో తయారయ్యే ప్రోటీన్, మాత్రంత తేలిగ్గా నకలు కుదరదు. పైగా ఒక్కో విడత 28 రోజులు ఎడతెగకుండా పంపుతో నరంలోకి ఎక్కించాలి, మొదటి రోజులు ఆసుపత్రి పర్యవేక్షణలో ఉండాలి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో గురజాల, మాచర్ల వైపు వారికి ఈ నిడివే పెద్ద అడ్డంకి. దగ్గరి పెద్ద దిక్కు గుంటూరు సర్వజనాసుపత్రిలో నాట్కో సాయంతో వెలసిన క్యాన్సర్ కేంద్రం, ఆపైన హైదరాబాదు. నాట్కో మందుల కర్మాగారాల్లో ఒకటి మాత్రం మాచర్లకు కృష్ణ అవతలి ఒడ్డున, నాగార్జునసాగర్ దగ్గరే ఉంది.