ద్వితీయ యాంటీబాడీ

వెతికే ప్రోటీన్‌కు నేరుగా కాక, దాన్ని ముందే పట్టుకున్న ప్రాథమిక యాంటీబాడీకి అతుక్కునే యాంటీబాడీ. ఎలైసా, వెస్టర్న్ బ్లాట్ పరీక్షల్లో ఫలితాన్ని తరచుగా కంటికి కనిపించేలా చేసేది ఇదే. 1954లో వెల్లర్, కూన్స్ ఈ పరోక్ష పద్ధతిని వైరస్‌ల గుర్తింపునకు వాడారు.

బాపట్ల జిల్లా నిజాంపట్నం వంటి తీరప్రాంతాల్లో రొయ్యల రైతును ముంచే తెల్లమచ్చల వైరస్ పరీక్ష దీని వాడకానికి మంచి ఉదాహరణ. రొయ్యలో యాంటీబాడీలు తయారుకావు. కాబట్టి పరీక్షలో వెతికేది వైరస్‌నే. వైరస్ పైపొరలోని వీపీ28 ప్రోటీన్‌ను ఎలుక యాంటీబాడీ పట్టుకుంటుంది. దానిపై మేకలో తయారైన ద్వితీయ యాంటీబాడీ చేరుతుంది. దీనికి జతచేసిన పెరాక్సిడేజ్ ఎంజైము టీఎంబీ అనే రసాయన ద్రావణాన్ని నీలంగా మారుస్తుంది. ఆమ్లం కలిపితే పసుపు రంగు వస్తుంది. ఒక ప్రాథమిక యాంటీబాడీపై పలు ద్వితీయ యాంటీబాడీలు చేరడంతో సంకేతం బలపడుతుంది.

అతుక్కోకుండా మిగిలిన యాంటీబాడీలను సరిగా కడగకపోతే వైరస్ లేని నమూనా కూడా రంగు చూపుతుంది. అందుకే పరీక్ష పళ్లెంలో ప్రాథమిక యాంటీబాడీ వేయని గుంటను పోలికకు తప్పక ఉంచాలి.