గూటి కింద నీళ్లు

ఆదివాసుల చరిత్ర అనగానే మనకు పోరాటాలే గుర్తొస్తాయి. పిట్టల గూళ్లకూ చరిత్ర ఉంటుందని ఆస్ట్రేలియాలోని నారి నారి ఆదివాసుల సంగతి చదివాకే మాకు తట్టింది.

న్యూ సౌత్ వేల్స్‌లో వాళ్ల మైదానంలో వానలు తక్కువ. తూర్పు కొండల్లో పుట్టిన మరంబిడ్జీ నది పొంగితేనే అక్కడ తంపరలు నిండుతాయి. అప్పుడు కంకణాల పిట్టలు గుంపులుగా వచ్చి, లిగ్నమ్ పొదలు తొక్కి వంచి గూళ్లు కడతాయి. పిల్లలకు రెక్కలొచ్చేదాకా గూటి కింద నీళ్లుండాలి. మధ్యలో నీరు ఉన్నట్టుండి తీస్తే, పెద్దపిట్టలు గుడ్లనూ పిల్లలనూ వదిలేసి పోతాయి.

తెల్లవాళ్ల గొర్రెల మందలతో నేల పోయింది. తర్వాత ఎగువన డ్యాములు, మైదానంలో కట్టలు, కాలువలు వచ్చాయి. వరద పొలాలకు మళ్లింది. 2013లో ప్రభుత్వం ఆ భూములనూ, వాటి నీటి హక్కులనూ కొన్నది. 2018లో నారి నారి ట్రైబల్ కౌన్సిల్ ఉన్న కూటమికి నిర్వహణ అప్పగించింది. ఆ తర్వాత భూమి కౌన్సిల్‌కే దక్కింది. దాదాపు 88,000 హెక్టార్లు. దాని పేరు గాయినీ. వాళ్ల భాషలో నీళ్లని అర్థం.

అయితే అక్కడ భూమి హక్కు వేరు, నీటి హక్కు వేరు. అటవీ హక్కుల పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకు ఈ మెలిక కొత్త. కొన్న నీటి హక్కు పర్యావరణం పేరున కేంద్ర ప్రభుత్వం దగ్గరే ఉంది. కంకణాలు గూళ్లు కట్టిన ఏడాది, ఆ నీళ్లు ఇంకొన్ని వారాలు వదలమని నారి నారి వాళ్లు ఇప్పటికీ అడగాల్సిందే.